విద్యుద్గిటారు కంఠస్వరము: పికప్పుల తారతమ్యము

తంత్రీవాద్యములన్నిటియందును నాదమును బుట్టించునది తంత్రియే. అయినను ఉక్కుతీగ తనంతట తాను చేయు చప్పుడు మిక్కిలి స్వల్పము. దానిని పదిమందికి వినిపించుటకై వీణకు కుండయు, సాధారణపు గిటారుకు బోలుగానుండు కొయ్యపెట్టెయు అమర్పబడినవి. విద్యుద్గిటారునందు అట్టి పెట్టె లేదు. దాని దేహము గట్టి చెక్క. తంత్రుల క్రింద వ్రేలెడు పొడవుగల వస్తువులు రెండో మూడో పొదగబడియుండును. వీనినే పికప్పులందురు. ఆ గిటారు ఏ కంఠముతో పలుకునో అది ముఖ్యముగా వీనిపై ఆధారపడియున్నది.

ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేటలయందు గీతబృందములలోను, కళాశాలల వేడుకలలోను, పెండ్లి మేళములలోను విద్యుద్గిటారు ఇప్పుడు పరిచితమైన వాద్యమే. మన విద్యార్థులును కొందఱు దీనిని అభ్యసించుచున్నారు. వారి తల్లిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, ఒక గిటారుకు మూడు సన్నని పికప్పులు, ఇంకొకదానికి రెండు వెడల్పైన పికప్పులు ఉన్నవి. ధరలో భేదము వేలకొలది రూపాయలు. ఏది మేలు?" అంగడివారి సమాధానము తఱచుగా ధరవెంబడి పోవుచుండును. మా సమాధానము ధరవెంబడి పోదు. పికప్పులలో ఒక గుణము కావలెనన్న మఱియొక గుణమును కొంత వదులుకొనవలసియుండును. ఏది వదులుకొనుటకు మీరు ఒప్పుకొందురో తెలిసికొన్న పిమ్మటనే రూపాయలు లెక్కపెట్టవలెను.

పికప్పు పనిచేయు విధము పైతరగతులవారు భౌతికశాస్త్రమున చదివినదే. తీగచుట్ట సమీపమున అయస్కాంతబలము మాఱుచున్నయెడల ఆ చుట్టయందు విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. పికప్పునందు అయస్కాంతము కదలదు, చుట్టయు కదలదు. కదలునది పైనున్న ఉక్కుతంత్రి. అయస్కాంతపు పొరుగున నుండుటచేత తంత్రియు అయస్కాంతత్వమును పొందును. దానిని మీటగానే అది అటునిటు ఊగుచు చుట్టలోని అయస్కాంతబలమును మార్చును. తంత్రి సెకనుకు 110 మారులు కంపించిన విద్యుత్తును 110 మారులు కంపించును. ఆ చుట్టకు వాడు రాగితీగ తలవెండ్రుకవలె సన్ననిది. ఒక్కొక్క పికప్పునందు ఏడెనిమిదివేల చుట్లుండును. ఇందు గాలికిని మైకునకును పని లేదు. తంత్రి కదలికయే నేరుగ విద్యుత్తగుచున్నది.

ఇందుండి ఒక చిత్రమైన ఫలితము కలుగుచున్నది. వీణపై ప్రాతపద్ధతిని కట్టిన మంద్ర, అనుమంద్ర తంత్రులు ఇత్తడివో కంచువో అయియుండును. అట్టి వీణ క్రింద గిటారు పికప్పును పెట్టినచో సారణియు పంచమమును చక్కగా పలుకును. ఇత్తడి తంత్రులు మాత్రము మూగవోవును. ఇత్తడిని అయస్కాంతము గుర్తింపదు. నైలాను తంత్రుల గిటారునకును ఇదే గతి. ఉక్కుతీగపై కంచును చుట్టిన తంత్రులైనచో లోపలి ఉక్కు కొంతవఱకు పలుకును. ఇట్టి కారణముచేతనే వీణకు మేళవింపదగినది వేఱుజాతి పికప్పు. దానిగుఱించి తరువాత చెప్పెదము.

గిటారుకు ఈ సాధనమును మొదట జయప్రదముగ అమర్చినవాడు అమెరికాలోని జార్జి బోషాంప్ అనునతడు. 1931లో తయారైన అతని గిటారు మూకుడువలె గుండ్రముగా, పొడవైన పిడితో నుండుటచేత జనులు దానిని 'వేపుడు పెనము' అనిరి. దానికి పేటెంటు 1937లో లభించెను. అప్పటి విద్యుద్గిటారులు పెక్కింటికి ఇంకను బోలు పెట్టెయే యుండెడిది. పెట్టెతో చిక్కేమనగా, ఎదుటి స్పీకరులోనుండి వచ్చు ధ్వని దానిని మరల కదలించి కూతపెట్టించును. 1940 ప్రాంతమున లెస్ పాల్ అను వాదకుడు ఒక దూలపు ముక్కపై తంత్రులను బిగించి చూచెను. కూత తగ్గుటయే గాక, మీటిన స్వరము చాలసేపు నిలిచెను. బోలు పెట్టె తంత్రియొక్క శక్తిని త్వరత్వరగా గాలికి పంచిపెట్టును. గట్టి చెక్క పంచిపెట్టదు. కావున తంత్రియందే శక్తి నిలిచి, స్వరము దీర్ఘమగును.

స్వరము దీర్ఘముగ నిలుచుటవలన మన సంగీతమునకు కలిగిన లాభమేమో తెలిసికొనగోరువారు పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లు వంక చూడవలెను. 1969లో అచ్చట జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు ఆఱేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్‌ను చేతపట్టిరి. రుద్రరాజు సుబ్బరాజు గారియొద్ద శిక్షణము పొందిరి. మాండొలిన్ విదేశీయ వాద్యము. దానికి జంటలుజంటలుగా ఎనిమిది తంత్రులు, నిడివి తక్కువ, మీటిన ధ్వని క్షణములో ఆఱిపోవును. కర్ణాటక సంగీతమునకు గమకము ప్రాణము. గమకమనగా ఒక మీటులోనే స్వరము ఊగుచు, జాఱుచు మఱొక స్వరమును చేరుట. ధ్వనియే నిలువని వాద్యమున ఊపునకు చోటెక్కడ? ఈ వాద్యమున మన సంగీతము పలుకదని పెద్దలు సందేహించుటయు సహజమే. శ్రీనివాస్ గారు జంటతంత్రులను మాని ఐదు ఒంటి తంత్రులను అమర్చుకొని, పికప్పు గల విద్యున్మాండొలిన్‌ను స్వీకరించిరి. ధ్వని నిలిచెను, గమకము పలికెను. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవములందు వారి తొలి కచేరి జరిగెను. అప్పటికి వారి వయస్సు తొమ్మిదేండ్లు. 1981లో మద్రాసు సభవారు విని ఆశ్చర్యపడిరి. 1998లో పద్మశ్రీ బిరుదము లభించెను. జాన్ మెక్‌లాఫ్లిన్ అను విఖ్యాత గిటారు వాదకునితో కలిసి ఒకే వేదికపై దేశదేశముల వాయించిరి. 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నపట్టణమున దివంగతులైరి. వారి ప్రతిభను పికప్పుకు అంటగట్టుట మా యుద్దేశము గాదు. ఆ ప్రతిభకు కావలసిన నిడుపైన నాదమును సమకూర్చుట మాత్రము పికప్పు పని.

ఇక పికప్పు జాతులను చూతము. ఒక్క తీగచుట్ట గలది మొదటిది. అంగళ్లలో దీనిని సింగిల్ కాయిల్ అందురు. మనము ఒంటిచుట్ట యనవచ్చును. లియో ఫెండర్ నిర్మించిన టెలికాస్టరు, 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టరు అను గిటారులచే ఇది లోకవిఖ్యాతమయ్యెను. ఫెండర్ తాను గిటారు వాయింపనేరడు, రేడియోలు బాగుచేయువాడు! దీని కంఠము తేటగా, మీటిన ప్రతి మీటును విడివిడిగా చూపునట్లు ఉండును. పాటవెంట తాళము నొక్కి చెప్పుటకును, ఒక్కొక్క తంత్రిని విడిగా మీటుటకును మిక్కిలి అనుకూలము.

దీని దోషము రొద. వేలచుట్లు గల రాగితీగ తంత్రి కదలికను మాత్రమే వినుటలేదు. గదిలోని ట్యూబులైటు చోకును, పంకా రెగ్యులేటరును, ట్రాన్సుఫార్మరును గూడ వినుచున్నది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది కావున, స్పీకరునుండి 50 కంపనముల జుమ్మను ధ్వనియు, దాని గుణిజములైన 100, 150 మొదలగునవియు వచ్చుచుండును. దీనిని పరీక్షింపగోరు విద్యార్థులు ఆఱవ తంత్రిని మూడవ మెట్టుపై నొక్కి మెల్లగా మీటవలెను. ఆ స్వరము 98 కంపనములు గలది. రొదలోని 100తో అది కలిసినపుడు సెకనుకు రెండు మారులు ధ్వని ఉబ్బి తగ్గుటను చెవితో వినవచ్చును. పుస్తకమున విస్పందనములని చదివినది ఇదియే. గిటారును చేతబట్టి మెల్లగా చుట్టు తిరిగినచో ఒక దిక్కున రొద హెచ్చును, ఒక దిక్కున తగ్గును. వేదికపై అనుభవజ్ఞులు ఒకవైపునకు ఒరిగి నిలుచుటకు ఒక్కొక్కప్పుడు ఇదే కారణము.

ఈ రొదకు కొందఱు బాలురు చేయు వైద్యము గుఱించి మేము గట్టిగా చెప్పవలసియున్నది. ఆంప్లిఫయరు ప్లగ్గునందలి మూడవ పిన్నును, అనగా ఎర్తు పిన్నును, తీసివేయుటయో విఱుగగొట్టుటయో చేయుదురు. కొన్ని సందర్భములయందు రొద తగ్గుననుట నిజమే. అయితే గిటారు తంత్రులు లోపలి తీగ ద్వారా ఆంప్లిఫయరు లోహపు చట్రముతో కలిసియుండును. ఆంప్లిఫయరులో లోపము కలిగి 230 వోల్టులు ఆ చట్రమునకు తగిలినచో, ఎర్తున్నపుడు ఫ్యూజు పోవును. లేనపుడు తంత్రులే కరెంటు తీగలగును. చేత తంత్రులు, పెదవికి మైకు. ఆ మైకు వేఱొక యంత్రము ద్వారా ఎర్తునకు కలిసియుండును. విద్యుత్తు వాదకుని దేహముగుండ పోవును. మైకునందే లోపమున్నను ఫలితమిదే. 1972లో లెస్లీ హార్వీ అను స్కాట్లాండు గిటారు వాదకుడు వేల్సు దేశపు స్వాన్సీ పట్టణమున వేదికపైననే, ఒక చేత గిటారు నుండగా ఎర్తులేని మైకును తాకి మరణించెను. తల్లిదండ్రులు గిటారు కొనుటకు ముందు ఇంటి సాకెట్టులో మూడవ రంధ్రమునకు నిజముగా తీగ కలదా యని ఎలక్ట్రీషియనుచే చూపించవలెను. చాల ఇండ్లలో ఆ రంధ్రము అలంకారమాత్రముగ నుండును. 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోవు రక్షణ స్విచ్చును బిగించుట అంతకంటె మేలు.

రొదకు న్యాయమైన వైద్యమును 1955లో గిబ్సన్ కంపెనీలోని సెత్ లవర్ అను ఇంజనీరు కనిపెట్టెను. ఇందు రెండు తీగచుట్టలు ప్రక్కప్రక్కన నుండును. రెండవ చుట్ట మొదటిదానికి తలక్రిందుగా కలుపబడును. అందుచే ఒక చుట్టలో రొద ధనమైనపుడు రెండవదానిలో ఋణమగును. రెండును కలిసి సున్న యగును. అట్లైన తంత్రిధ్వనియు సున్న కావలెను గదా యని మీరడుగవచ్చును. ఆ చమత్కారమే యిందున్నది. రెండవ చుట్ట క్రిందనుండు అయస్కాంత ధ్రువము గూడ తలక్రిందుగా నుంచబడినది. తంత్రిధ్వనికి ఒక ఋణము ధ్రువమువలనను, ఇంకొక ఋణము చుట్టవలనను కలుగుచున్నది. ఋణమును ఋణముచే గుణించిన ధనమని మీరు బీజగణితమున నేర్చితిరి. కావున రొద అణగిపోవును, స్వరము రెట్టింపగును. రొదను అణచునది గనుక దీనికి హంబకరు అని పేరు.

హంబకరు కంఠము లావుగా, మెత్తగా, గంభీరముగా నుండును. తేటదనము కొంత తగ్గును. ఏలయనగా అది తంత్రిని రెండు చోట్ల వినుచున్నది. మిక్కిలి చిన్న తరంగములు ఆ రెండు చోట్ల నడుమ ఒకదానినొకటి చెఱుపుకొనును. మఱియు చుట్ట పెద్దదగుటచే దాని ప్రేరకత్వము హెచ్చును. పికప్పుయొక్క ప్రేరకత్వమును కేబులుయొక్క కెపాసిటెన్సును కలిసి ఒక అనునాదమును కల్పించును. ఆ అనునాదమునకు సమీపమున స్వరము మెఱయును. దానికి పైనున్నది అంతయు క్షీణించును. లెక్కవేసి చూతము. ఒంటిచుట్టకు 2.5 హెన్రీలు, హంబకరుకు 4.5 హెన్రీలు అని ఇంచుమించుగా తీసికొందము. 5 మీటర్ల కేబులుకు 500, పికప్పునకు 100, వెరసి 600 పికోఫారడులు. సూత్రము ననుసరించి ఒంటిచుట్ట అనునాదము సెకనుకు సుమారు 4100 కంపనములకడను, హంబకరుది సుమారు 3050 కడను వచ్చును. ఈ వేయి కంపనముల భేదమే చెవికి 'తేట', 'మెత్తన' యని తోచుచున్నది.

ఇప్పుడు అదే ఒంటిచుట్టకు 10 మీటర్ల కేబులు తగిలింపుడు. కెపాసిటెన్సు 1100 అగును. అనునాదము 3050 దగ్గఱకు దిగును! అనగా తేటదనమునకై ఏరి కొన్న పికప్పు ఆ పొడవైన కేబులుచే హంబకరంత మెత్తబడిపోయినది. రొద మాత్రము అట్లే యున్నది. వేదిక యావత్తు తిరుగవచ్చునని పొడవైన చవుక కేబులును కొనువారు ఈ లెక్కను ఒకమారు వేసికొనవలెను.

పికప్పు జాతి యెంతటిదో, అది యుండు చోటును అంతటిది. తంత్రులు ఆనియుండు బ్రిడ్జిని మన వైణికులు గుఱ్ఱమందురు. స్ట్రాటోకాస్టరు తంత్రి నిడివి 648 మిల్లీమీటర్లు. మెడవైపు పికప్పు గుఱ్ఱమునుండి ఇంచుమించు నాలుగవ వంతు దూరమున నున్నది. గుఱ్ఱము ప్రక్కది సుమారు పదునాఱవ వంతు దూరమున నున్నది. తంత్రి గుఱ్ఱమువద్ద స్వల్పముగను, నడుమ విశేషముగను ఊగును. కావున మూలస్వరము మెడ పికప్పునకు వినబడు బలములో నాలుగవ వంతుకంటె కొంచెము మాత్రమే హెచ్చుగా గుఱ్ఱము పికప్పునకు వినబడును. పైనుండు అనుస్వరములు మాత్రము అచ్చట సమృద్ధిగా లభించును. అందుచే గుఱ్ఱము పికప్పు కంఠము పదునుగను, మెడ పికప్పు కంఠము నిండుగను ఉండును. ఇంకొక విశేషము: నొక్కకుండ మీటిన తంత్రియొక్క నాలుగవ అనుస్వరమునకు సరిగా నాలుగవ వంతుకడ అస్పందన బిందువు కలదు. కావున మెడ పికప్పు ఆ అనుస్వరమును వినజాలదు. మెట్టుపై వ్రేలుంచిన వెంటనే నిడివి మాఱి, వినజొచ్చును.

స్ట్రాటోకాస్టరుకు మొదట మూడు స్థానముల మీట మాత్రమే యుండెను. వాదకులు దానిని రెండు స్థానముల నడుమ ఇరికించి, రెండు పికప్పులు కలిసి పలుకు ఒక బోలైన, తీయని ధ్వనిని కనుగొనిరి. కంపెనీవారు 1977లో గాని ఐదు స్థానముల మీటను అమర్చలేదు. ఇరువదిమూడేండ్లు ఆ మీటను పుల్లతోనో బుద్ధితోనో నిలబెట్టుకొనిన వాదకుల ఓపికను మెచ్చుకొనవలెను!

టోను బొత్తము పని సులభము. చిన్న కెపాసిటరు ద్వారా తారధ్వనులను నేలకు జాఱవిడుచుటయే. ఇది ఉన్నదానిని తగ్గించును గాని లేనిదానిని కల్పింపలేదు. అందుచే తేట పికప్పును బొత్తముతో మెత్తబఱుపవచ్చును. మెత్తని పికప్పును బొత్తముతో తేటపఱుపజాలము.

1946లో గిబ్సన్ వారు తెచ్చిన పి-90 అనునది వెడల్పైన ఒంటిచుట్ట. కంఠము నడిమిరకము, రొద యథాప్రకారము. 9 వోల్టుల బ్యాటరీతో పనిచేయు ఆక్టివ్ పికప్పులకు రొద అత్యల్పము, పొడవైన కేబులు బెడదయు లేదు. అయితే బ్యాటరీ కచేరి నడుమ అయిపోవచ్చును. ఇక పైన చెప్పెదమన్న వేఱుజాతి పియెజో. కొన్ని స్ఫటికములను నొక్కినపుడు విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. అట్టి పలుకను గుఱ్ఱము క్రింద నుంచినచో అది తంత్రి లోహమును అడుగదు. ఒత్తిడిని మాత్రమే వినును. ఇత్తడియైనను నైలానైనను సమానమే. వీణలపై కనబడు కాంటాక్టు మైకులలో పెక్కు ఈ జాతివి. అయితే వ్రేలి రాపిడియు, కొయ్యపై తగిలిన తట్టును గూడ ఇవి దాచక వినిపించును.

గమకములతో వాయింపగోరువారికి మాత్రము పనికివచ్చు మాట రెండు కలవు. పికప్పును తంత్రికి మఱీ దగ్గఱగా బిగించినచో అయస్కాంతము తంత్రిని లాగి శ్రుతిని చెఱచును, నాదమును కుదించును. రెండు మూడు మిల్లీమీటర్ల యెడము విడిచి, చెవితో సరిచూచుకొనవలెను. మఱియు పెక్కు పికప్పులలో తంత్రికొకటిగా ఆఱు మేకులవంటి అయస్కాంతములుండును. తంత్రిని ప్రక్కకు బాగుగ లాగినపుడు అది తన మేకును వదలి పోవుటచే ధ్వని తగ్గవచ్చును. మేకులకు బదులు ఒకే పట్టీ గల పికప్పునందు ఈ లోపము లేదు.

ఇంతకు ఏది కొనవలెను? మనవంటి గీతబృందములలో వాయించు బాలునికి, పంకాలు తిరుగు హాలులో, మూడు పికప్పులుండి గుఱ్ఱము ప్రక్కది మాత్రము హంబకరైన గిటారు చాలునని మా అభిప్రాయము. ఇది మధ్యరకపు ధరలోనే లభించును. రొద యెక్కువైనచోట హంబకరును, పాట మెత్తగా నడచునపుడు మెడవద్ది ఒంటిచుట్టను వాడుకొనవచ్చును. కచేరి పద్ధతిని రాగమును పలికింపగోరు విద్యార్థికి మెడవైపు హంబకరు గలది మేలు. అంగడికి పోవునపుడు మీ 5 మీటర్ల కేబులును వెంట గొనిపొండు. అంగడివాని పంకాను, ట్యూబులైటును వేయించి, గిటారును భుజమున తగిలించుకొని నాలుగు దిక్కులకు తిరిగి వినుడు. ఒక్కొక్క పికప్పును విడివిడిగా మీటి, స్వరము ఎన్ని సెకనులు నిలుచుచున్నదో గడియారము చూచి వ్రాసికొనుడు. ధర చీటీని అటుపిమ్మట చూడవచ్చును.